సరిగ్గా తూగిన సంచులు

రుక్మిణిని లాకప్‌లో వెయ్యడానికి ఇన్‌స్పెక్టర్ రామ్ చంద్రకి ఒక్క పూట కూడా పట్టలేదు. శనివారం పొద్దున ఆసుపత్రికి వెళ్ళాడు, డాక్టరు చెప్పింది విన్నాడు, భోజనం వేళకి నర్సుని జీపెక్కించాడు. ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. అప్పుడూ అంతే, ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళదే నిజం.

నేను పోలీసు ఉద్యోగం మానేసి లౌతోకా పట్నంలో ఒక గది అద్దెకి తీసుకుని, తలుపు మీద 'శివ ప్రసాద్, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు పెట్టుకున్నాను. స్వతంత్రం వచ్చి ఆరేళ్ళయినా ఈ దీవుల దేశంలో ఆ బోర్డు చూసి నవ్వేవాళ్ళే ఎక్కువ. రుక్మిణి అన్న నవ్వలేదు. ఆదివారం తెల్లవారగానే వచ్చి, "మా చెల్లెలు చీమకి కూడా హాని చెయ్యదు సార్" అని నా కుర్చీలో కూలబడి ఏడ్చాడు. గంటలో ఇద్దరం బా ఊరి పోలీసు స్టేషన్‌లో ఉన్నాం.

కేసు ఇది. కామిని అనే పదకొండేళ్ళ పిల్ల, టాబియా చెరుకు పొలాల నుంచి నాయనమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. వెన్ను వంకర తిరిగి గూని పడింది. రారవాయి చక్కెర మిల్లు వెనక కొండ మీద డాక్టర్ ముకేష్ నడిపే పిల్లల ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ ఆ పిల్ల తల చుట్టూ ఇనప చట్రం బిగించారు. చట్రానికి తాడు, తాడు కప్పీ మీదుగా కిందికి, చివర ఇసుక సంచులు. ఆ బరువు వెన్నుని కొద్దికొద్దిగా సాగదీస్తుంది. శుక్రవారం సాయంత్రం రుక్మిణి దుప్పటి మార్చడానికి సంచులు తీసి మళ్ళీ తగిలించింది. ఆ రాత్రి కామిని రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి.

"ఒక్కసారిగా వదిలేశావని డాక్టరు అంటున్నాడు" అన్నాను కటకటాల ఇవతల నుంచి. "ఆ కుదుపుకి ఎముక చిట్లి, ముక్క నరాల మీద పడిందట. వెన్ను తెరిచి తీస్తారట, ఇవాళ రెండింటికి. ఆస్ట్రేలియా నుంచి సర్జన్ వస్తున్నాడట."

రుక్మిణి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. గొంతు మాత్రం వణకలేదు. "ఒక చేత్తో తాడు పట్టుకునే తీశాను సార్. పట్టుకునే తగిలించాను. ఆ ఆపరేషన్ మాత్రం ఆపించండి."

"ఎందుకు?"

"పోయినసారి ఆ సర్జనే వచ్చినప్పుడు మా అందరికీ ఒకటే మాట చెప్పి వెళ్ళాడు. బరువెక్కువైతే నరాలు నెమ్మదిగా సాగుతాయి. మొదట కన్ను చెడుతుంది. కన్ను పక్కకి తిరగదు, ఒకటి రెండుగా కనిపిస్తుంది. అప్పుడు చూసుకోకపోతే కాళ్ళు పోతాయి. అలా పోతే బరువు తీసేసి ఊరుకోండి, చాలామందికి మళ్ళీ వస్తాయి, కత్తి మాత్రం ముట్టుకోవద్దు, సాగిన నరం మీద కత్తి పడితే ఇంక ఆ కాళ్ళు జన్మలో లేవవు అన్నాడు."

"మరి బరువెక్కువైందా?"

ఆమె తల దించుకుంది. "అదే నాకు అర్థం కాదు సార్. ఐదు సంచులే. రోజూ లెక్కపెట్టాను. పొద్దున్నే కళ్ళు చూద్దామంటే ఆ పిల్ల ఎప్పుడూ నిద్రలోనే ఉండేది."

కుదుపైతే కొయ్యాలి. బరువైతే కొయ్యకూడదు. ఆ రెంటిలో ఏదో మధ్యాహ్నం లోపల తేలకపోతే ఒక ఆడపిల్ల బతుకంతా మంచం మీదే. నాకు పిల్లలు లేరు, అయినా ఆ కొండని పరుగులాంటి నడకతో ఎక్కాను.

* * *

రామ్ చంద్ర వార్డు గుమ్మంలోనే అడ్డుగా నిలబడ్డాడు. మా ఇద్దరి మాటలు ఎప్పుడూ హిందీలోనే, వాడి వెటకారం ఏ భాషలోనైనా ఒకటే.

"రండి ప్రసాద్ సాబ్. రిటైరైనవాళ్ళు ఆదివారం పూట గుళ్ళో ఉంటారనుకున్నాను."

"మానేశాను, రిటైరవలేదు. పక్కకి జరుగు."

"చూడండి, తాకకండి. సాక్ష్యం." జరిగాడు. "మీకు శ్రమ లేకుండా నేనే తూచాను. ఒక్కో సంచీ సరిగ్గా రెండు పౌన్లు. ఐదు సంచులు, పది పౌన్లు. సర్జన్ రాసిచ్చిన బరువూ పదే. ఇంకేం వెతుకుతారు?"

"నీకు అక్కర్లేనివి."

కామిని మంచం ఖాళీగా ఉంది. పిల్లని ఆపరేషన్ గది పక్క గదిలోకి మార్చారు. తలవైపు ఇనప కడ్డీకి కప్పీ, తాడుకి ఐదు కాన్వాస్ సంచులు, పోలీసు సీళ్ళతో వేలాడుతున్నాయి. సంచులు కొత్తవి కావు. గుడ్డ మడతలన్నీ నల్లగా మాసి ఉన్నాయి. మూతి దగ్గర కుట్టు మాత్రం తెల్లగా ఉంది, ఆ దారానికి ఇంకా చేతి మురికి అంటలేదు.

"ఈ కుట్టు చూశావా?"

"చిరిగి ఉంటాయి. కుట్టి ఉంటారు."

"ఐదూ ఒకేసారి చిరిగాయా?"

ఒక సంచీ మూల చిన్న కన్నం ఉంది. సీలు కదలకుండా అరచెయ్యి కింద పెట్టి వేలితో తట్టాను. చెయ్యి మీద తెల్లటి ఇసుక రాలింది, సముద్రపు ఒడ్డున దొరికేది. తర్వాత మోకాళ్ళ మీద కూచుని, సంచుల కింద నేల పలకల సందులో గోరు పెట్టి గీశాను. అక్కడున్నది తెల్ల ఇసుక కాదు. నల్లగా, సన్నగా, మెరుస్తూ ఉంది.

"చీమలు తెచ్చిన మట్టి" అన్నాడు రామ్ చంద్ర.

"చీమలకి నీకంటే బుద్ధి ఉంటుంది. ఇంత దూరం ఇంత బరువు మోసుకురావు." నల్ల ఇసుకని జేబురుమాల్లో మూటకట్టాను. పరుపు ఎత్తితే తలగడ వైపు వేపాకు రెబ్బలు కనిపించాయి. నాలుగైదు రోజులవి, ఎండి ముడుచుకున్నాయి.

ఇసుక సంగతి ఆసుపత్రి వాళ్ళది. వేపాకు సంగతి మా తెలుగువాళ్ళది. రెండోదే ముందు అడగాలనిపించింది.

* * *

నాయనమ్మ బాలమ్మ ఆపరేషన్ గది బయట వరండాలో బెంచీ ఎక్కకుండా నేల మీద కూచుని ఉంది. నేను దగ్గరికి వెళ్ళేలోపల డాక్టర్ ముకేష్ ఎదురొచ్చాడు. తెల్ల కోటు, నున్నగా గీసిన గడ్డం. బా ఊళ్ళోని తెలుగు సంఘానికి అధ్యక్షుడు, ఉగాది సభలో గంట సేపు మాట్లాడగలడు.

"నమస్కారం శివ ప్రసాద్ గారూ. తమరు రావడం సంతోషం. ఆ నర్సు పట్ల నాకు ద్వేషం లేదు, కానీ జరిగినది జరిగినట్టు చెప్పక తప్పదు గదా."

"పిల్లని ఒకసారి చూడొచ్చా?"

"క్షమించాలి. నొప్పి తెలియకుండా మందిచ్చి నిద్రపుచ్చాం. నిన్నటి నుంచీ నిద్రే. ఎవరూ లేపకూడదు." నవ్వి వెళ్ళిపోయాడు. కిటికీ పక్కన కొత్త భవనం గోడలు సగం లేచి ఉన్నాయి. వచ్చే నెలలో ప్రారంభమట, చందాలిచ్చిన వాళ్ళ పేర్లు పాలరాతి మీద చెక్కిస్తున్నారట.

నేను బాలమ్మ పక్కన నేల మీదే కూచున్నాను. జేబులోంచి వేపరెబ్బ తీసి చూపించాను.

"ఇది మీరే పెట్టారా పెద్దమ్మా?"

"దేవుడి ఆకు బాబూ. పెడితే గల్తీ ఏంది?"

"తప్పని కాదు. ఎందుకు పెట్టారు?"

ఆవిడ మూసిన తలుపు వైపు చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని మెల్లిగా అంది. "అమ్మ వచ్చింది పిల్ల మీద."

"ఎప్పుడు?"

"బుధవారం. ఒక కన్ను ఇట్ల, ముక్కు కాడికి పోయింది. 'ఆజీ, నువ్వు ఇద్దరు అయినావు' అంటది. బత్తీ రెండు అంటది. మా టాబియా గుడిలో అమ్మ వచ్చినోళ్ళకి కన్ను ఇట్లనే పోతది బాబూ. నిప్పు తొక్కేటప్పుడు నేను ఎన్నిసార్లు చూసినా. నేను మొక్కినా గదా, పిల్లకి వీపు సీదా చెయ్యి తల్లీ అని. అమ్మే వచ్చి చేస్తది అనుకున్నా. పసుపు నీళ్ళు పెట్టినా, ఆకు పెట్టినా."

"నర్సుకి చెప్పలేదా?"

"ఎట్ల చెప్త? డాక్టర్ సాబ్ నవ్వుతడు. నవ్వితే అమ్మ గుస్సా చేసి పోతది. నర్సమ్మ వస్తే కళ్ళు మూసుకో బేటీ, నిద్రపో అని నేనే చెప్పినా. మంచి పిల్ల. నా మాట వింటది."

రుక్మిణి రోజూ పొద్దున వంగి చూసినప్పుడు ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని పడుకుంది. నాయనమ్మ మాట విన్నందుకు కాళ్ళు పోగొట్టుకుంది. ఆ ముసలి మొహంలోని నమ్మకం చూస్తే కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

"గల్తీ అయిందా బాబూ? చెప్పు. నా వల్ల అయిందా?"

"మీరిప్పుడు చెప్పారు. అది చాలు. ఇదే మాట సర్జన్ వచ్చినప్పుడు ఆయన ముందు చెప్పండి. అమ్మ కోప్పడదు."

ఆవిడ నా చెయ్యి వదల్లేదు. బలవంతంగా విడిపించుకుని లేచాను. దుప్పటి మార్చింది శుక్రవారం. కన్ను తిరిగింది బుధవారం. రెండు రోజుల తర్వాత వచ్చే కుదుపు రెండు రోజుల ముందు కన్నుని తిప్పలేదు.

రామ్ చంద్రకి చెబితే చేతులు కట్టుకుని విన్నాడు.

"పూనకం కథ పట్టుకుని మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళమంటారా?"

"కన్ను సంగతి పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్ళమంటున్నాను."

"బరువు సరిగ్గా తూగింది సాబ్. నేను స్వయంగా తూచాను. సరైన బరువుకి నరాలెలా సాగుతాయి?"

అదొక్కటే వాడు అడిగిన మంచి ప్రశ్న. జవాబు నా జేబురుమాల్లో ఉంది.

* * *

ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో అప్పన్న దుప్పట్లు మడత పెడుతున్నాడు. ఈ ఆసుపత్రిలో కట్లు, పట్టీలు, సంచులు అన్నీ కుట్టేది అతనే. షెడ్డు పక్కనే కొత్త భవనానికి లారీలో తోలించిన ఇసుక కుప్ప, నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. బా నది సముద్రంలో కలిసే చోట తవ్విన ఇసుక. పిడికెడు తీసుకున్నాను. ఎంత తీసుకున్నానో దానికంటే ఎక్కువ తీసుకున్నట్టు చెయ్యి కిందికి దిగింది. ఇనప రజను కలిసిన ఇసుక అది.

"అప్పన్నా, సంచీలో ఇసుక ఎలా కొలుస్తావు?"

అతను నన్ను చూడలేదు. నా వెనక నిలబడ్డ రామ్ చంద్ర యూనిఫాం చూశాడు. "డబ్బాతో సాబ్." గూట్లోంచి పాలడబ్బా తీసి చూపించాడు. ఇంట్లో బియ్యం కొలిచేది అలాంటి దానితోనే. "సంచీకి రెండు డబ్బాలు. ఎప్పుడూ అంతే. మొదట ఒకసారి డాక్టర్ సాబ్ కాంటాలో పెట్టి చూసిండు, బరాబర్ ఉంది అన్నడు. అప్పటి నుంచి డబ్బానే."

"కామినికి ఈమధ్య మళ్ళీ ఎప్పుడు నింపావు?"

"పోయిన సోమవారం సాబ్. వానకి ఆ పిల్ల సంచీలు తడిసి కుళ్ళిపోయినయి, మూలన ఉన్న వేరే పాతవి తీసినా. తెల్ల ఇసుక అయిపోయింది. ఇది ఉంది గదా అని..." మాట మింగేశాడు.

"ఇది, అంటే ఈ నల్లది. రెండు డబ్బాలే పోశావు."

"రెండే సాబ్. కసమ్ సే. ఎక్కువ పొయ్యలే."

ఎక్కువ పొయ్యలేదు. ఎవరూ ఎక్కువ పొయ్యలేదు. డబ్బాల లెక్క సరిపోయింది, సంచుల లెక్క సరిపోయింది, నర్సు రోజూ ఐదు లెక్కపెట్టింది. ఆ పిల్ల మెడ మాత్రం రెట్టింపు బరువు మోసింది.

"మరి ఇప్పుడు వార్డులో వేలాడే సంచుల్లో తెల్ల ఇసుక ఉందేం?"

అప్పన్న చేతిలోని దుప్పటి జారింది. రామ్ చంద్ర ఒక అడుగు ముందుకేశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

"అప్పన్నా, ఆ పిల్లని ఇవాళ కోస్తారు. నువ్వు నోరు విప్పితే కొయ్యరు."

"శనివారం తెల్లారక ముందు డాక్టర్ సాబ్ లేపిండు." అతను కిందపడ్డ దుప్పటి తీసి గుండెకి పట్టుకున్నాడు. "ఒక సంచీ చేత్తో ఎత్తి చూసిండు. కాంటాలో పెట్టిండు. మొహం ఇట్ల అయిపోయింది. వీటిని విప్పు, తెల్ల ఇసుక పొయ్యి, మళ్ళీ కుట్టు అన్నడు. తెల్లది ఎక్కడిది అంటే, వరండాలో నిప్పు ఆర్పే బకెట్లు ఉన్నయి గదా, దాంట్లోది తియ్యి అన్నడు. చేసినా. 'కిసీ కే నై బతానా, తుమ్ భీ ఫసేగా' అన్నడు, ఎవరికన్న చెప్తే నువ్వు కూడ ఇరుక్కుంటవు అని. నాకు క్వార్టర్ ఇచ్చింది ఆయనే సాబ్. నేను ఎక్కడికి పోతా?"

వరండాలో ఎర్ర బకెట్లు వరసగా వేలాడుతున్నాయి. రామ్ చంద్ర వెళ్ళి ఒకదానిలో చెయ్యి పెట్టి చూశాడు. ఖాళీ. రెండోదీ ఖాళీ. తిరిగొచ్చేసరికి మొహంలో వెటకారం లేదు.

* * *

పసిపిల్లల్ని తూచే కాంటా ఆఫీసు గదిలో ఉంది. మూడో బకెట్ అడుగున మిగిలిన తెల్ల ఇసుక రెండు డబ్బాలు పోస్తే ముల్లు రెండు పౌన్ల దగ్గర ఆగింది. అవే రెండు డబ్బాలు నల్ల ఇసుక పోశాను. ముల్లు రెండు దాటింది, మూడు దాటింది, నాలుగుకి కొంచెం ఇవతల ఆగి ఊగింది.

"ఐదు సంచులు" అన్నాడు రామ్ చంద్ర మెల్లిగా. "పందొమ్మిది పౌన్లు."

"సోమవారం నుంచి శుక్రవారం దాకా, రాత్రీ పగలూ."

"నర్సు?"

"లెక్క తప్పలేదు. అప్పన్న కొలత తప్పలేదు. మన వాళ్ళందరం ఇంట్లో డబ్బాతో కొలుస్తాం, బియ్యమైనా ఉప్పైనా. డబ్బా నిండితే సరిపోయినట్టే మనకి. తూచి చూడాల్సింది డాక్టరు. చూడలేదు. అది పొరపాటు. తర్వాత శనివారం చేసింది పొరపాటు కాదు."

"డాక్టర్ సాబ్‌కి తెలిసి కూడా ఆపరేషన్ చేయిస్తున్నాడా?"

"ఎముక ముక్క ఉందని చెప్పినవాడు, తెరవకపోతే కాళ్ళు వాటంతటవే తిరిగొచ్చి అబద్ధమని తేలిపోతుంది గదా."

గుమ్మంలో చప్పుడైంది. డాక్టర్ ముకేష్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. కాంటాలోని నల్ల ఇసుకని చూశాడు, ముల్లుని చూశాడు, చివరికి నన్ను చూశాడు. కంగారు పడతాడనుకున్నాను. పడలేదు.

"తెలివైన పని చేశారు. అయితే కన్ను సంగతి మీకెవరు చెప్పారు?"

"నేను కన్ను మాట ఎత్తలేదే డాక్టరు గారూ."

ఒక్క క్షణం ఆయన పెదవి అదిరింది. "సర్జన్ పన్నెండింటికి వస్తారు. ఆయనకే చెప్పండి. ఆయన మాట నాకూ శిరోధార్యం." మర్యాదగా తల వంచి వెళ్ళాడు.

"అరెస్ట్ చెయ్యనా?" అన్నాడు రామ్ చంద్ర.

"సర్జన్ రానీ. ఆయన నోటితో ఆపరేషన్ రద్దని చెప్పాక చెయ్యి. పారిపోవడానికి ఈ కొండకి ఒకటే దారి, నీ జీపు ఆ దారికి అడ్డంగానే ఉంది." ఆ మాట అన్నది నేనే. పారిపోతాడనే ఆలోచించాను, అంతకు మించి ఆలోచించలేదు.

మేమిద్దరం అప్పన్న చెప్పింది రాయించుకుని సంతకం పెట్టించాం. రుక్మిణిని వదిలెయ్యమని రామ్ చంద్ర స్టేషన్‌కి ఫోన్ చేశాడు. రిసీవర్ పెట్టేసి, నా వైపు చూడకుండా, "మీ కింద పనిచేసినప్పుడు నేర్చుకోవాల్సింది, సార్" అన్నాడు. అన్నేళ్ళ తర్వాత సాబ్ పోయి సార్ వచ్చింది.

కారు హారన్ వినిపించింది. నాందీ విమానాశ్రయం నుంచి వచ్చిన టాక్సీ మెట్ల ముందు ఆగింది. పొడుగాటి తెల్ల మనిషి, చేతిలో తోలు పెట్టె, దిగి ఒళ్ళు విరుచుకున్నాడు. నేను పరుగున దిగి రెండు ముక్కల్లో చెప్పాను: నల్ల ఇసుక, బుధవారం కన్ను. ఆయన మొహంలో రంగు మారింది.

"కత్తి పెట్టడానికి వీల్లేదు. బరువు తీసేశారా? సరే, అలాగే ఉంచండి. చిన్నపిల్ల, కాళ్ళు తిరిగి వచ్చే అవకాశం ఉంది. ముందు నన్ను చూడనివ్వండి."

బాలమ్మ బెంచీ దగ్గర లేచి నిలబడి ఉంది. మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. సంతోషంగా చేతులు జోడించింది.

"పెద్ద డాక్టర్ సాబ్ లోపలికి పోయినంక ఈయన ఎవరు బాబూ?"

"పెద్ద డాక్టర్ ఎవరు పెద్దమ్మా?"

"లోపల ఉన్నడు గదా. మన డాక్టర్ సాబే వచ్చి చెప్పిండు. దూరం నుంచి పెద్ద డాక్టర్ వచ్చేసిండు, టైం మారింది, ఇప్పుడే చేస్తం అన్నడు. పిల్లని తీసుకుపోయిండు."

ఆపరేషన్ గది తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. సర్జన్ నా పక్కనే, తోలు పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. రామ్ చంద్ర తలుపు నెట్టాడు. కదల్లేదు, లోపల గడియ. భుజంతో గుద్దాడు. నేను రెండు చేతులతో బాదాను.

"ముకేష్! తలుపు తియ్యి! అంతా తేలిపోయింది, ఇంక లాభం లేదు!"

లోపల ఇనప పళ్ళెంలో ఏదో పెట్టిన చప్పుడు. తర్వాత ఆయన గొంతు, ఉగాది సభలో మాట్లాడినంత నెమ్మదిగా.

"తొందరపడకండి శివ ప్రసాద్ గారూ. ఎముక ముక్క దొరుకుతుంది. దొరికేదాకా వెతుకుతాను."